ఎనిమిది సబ్బుల కిలో

ఆ రోజుల్లో మా వంటింట్లోకి కిలో అనే మాట కిరాణా సంచీతో పాటు వచ్చేది గానీ, పొయ్యి దాకా ఎప్పుడూ వచ్చేది కాదు. గడప దాటగానే కిలో బియ్యం కాస్తా తవ్వలైపోయేవి, పప్పు సోలలైపోయేది, ఉప్పు గుప్పెడైపోయేది. (ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. తవ్వ అంటే గింజలు కొలిచే గుండ్రటి డబ్బా. తవ్వలో సగం సోల, సోలలో సగం అరసోల.) ఇప్పుడు మా అమ్మాయి కేకు చేస్తానంటే ముందు ఫోన్లో గ్రాములు చూస్తుంది. పలక లాంటి కాటా ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద గిన్నె పెట్టి, అంకె సున్నా అయ్యేలా నొక్కి, అప్పుడు మైదా పోస్తుంది. నేను పక్కన నిలబడి చూస్తాను. తూకానికీ కొలతకీ మధ్య ఉన్న సందులో ఒకసారి నేను ఇరుక్కుని ఎలా గిలగిల్లాడానో దానికి ఇంతవరకు చెప్పలేదు. మీకు చెబుతాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి పెళ్లయి విశాఖపట్నం వచ్చి మూడు నెలలయింది. మా ఆయనకి (వరసకు బావే, అందుకే ఇప్పటికీ బావా అనే పిలుస్తాను) పోర్టులో కాంట్రాక్టరు కింద బస్తాల పని. ఓడ వస్తే పని, రాకపోతే గుమ్మంలో కూర్చుని సముద్రం వైపు చూడటం. కొండవాలు మీద ఒక గది, గది ముందు రెండు మెట్లు, ఆ మెట్ల మీద నుంచి చూస్తే రేవులో ఆగిన ఓడలు. నాకు ఆ గదీ, ఆ మెట్లూ, పొద్దున్నే పాలవాడితో పాటు ఎక్కివచ్చే ఆ ఊరి సందడీ, అన్నీ తెగ నచ్చేశాయి. అయితే మా అత్త కబురు పంపింది: ఇద్దర్లో ఒకరికైనా నెలాఖరు లోపల స్థిరమైన పని కుదరకపోతే ఇద్దరూ ఊరికి వచ్చేయాలని, చెరుకు తోటలో పనికి మనుషులు చాలడం లేదని. మా అత్త ఒకసారి అందంటే అన్నట్టే. నెలాఖరుకి పది రోజులుంది.

అప్పుడు తెలిసింది, మద్దిలపాలెం బస్సు డిపో వెనక ఒక మెస్సులో వంటకి మనిషి కావాలని. నలభై మంది కుర్రాళ్లు, చిన్నచిన్న ఉద్యోగాలు చేసేవాళ్లు, ఉద్యోగం కోసం చదివేవాళ్లు. మెస్సు నడిపేది తణుకు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైరైన లెక్కల మాస్టారు. మనిషి మంచివాడే గానీ ఆయనకి గ్రాముల పిచ్చి. మనిషికి ఇన్ని గ్రాముల బియ్యం, ఇన్ని గ్రాముల పప్పు అని కాగితం మీద గళ్లు గీసి రాసుకునేవారు. కుర్రాళ్లు చాటుగా గ్రాముల మాస్టారనేవారు. ఆయన చెవికి చేరేలాగే అనేవారనుకోండి.

"వంట వచ్చునా అని అడగనమ్మా. వంట అందరికీ వచ్చు. తూకం వచ్చునా?" అన్నారు మాస్టారు.

"వొచ్చండి బాబూ," అన్నాను. (తూకం అంటే కొట్టువాడు తూస్తుంటే కన్నార్పకుండా చూడటం అని నా ఉద్దేశం.)

"అయితే ఒక చిక్కుంది. మెస్సు కాటా తూనికల ఆఫీసుకి, సర్కారు ముద్ర వేయించడానికి పంపాను. ఏడాదికోసారి వేయించాలి కదా. వారం పడుతుందట. అది వచ్చాక కనబడు. ఇంకో ఇద్దరు కూడా అడిగారు. ముగ్గురి వంటా చూసి అప్పుడు చెబుతాను."

ఇంకో ఇద్దరు అనే మాట వినగానే నా కళ్ల ముందు చెరుకు తోట కదిలింది. నోరు నా అనుమతి లేకుండానే తెరుచుకుంది.

"మా ఇంట్లో కాటా ఉందండి. ఇంటికాడే తూసి కొలత సూసుకుని వొత్తానండి."

"ఇంట్లో కాటానా?" ఆయన మొహం వెలిగిపోయింది. "నీలాంటి ఆడపిల్ల ప్రతి ఇంట్లో ఉంటే ఈ దేశం ఎక్కడో ఉండేదమ్మా. సరే, సోమవారం మధ్యాహ్నం భోజనం నువ్వు వండు. ఇదిగో కాగితం." ఆ కాగితంలో బియ్యం ఎనిమిది కిలోలు, కందిపప్పు రెండు కిలోలు, చింతపండు పావు కిలో, ఉప్పు పావు కిలో, అలా పన్నెండు వరసలున్నాయి. నేను ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి అంకెలు తెలుసు. కానీ ఆ అంకెలు బియ్యంగా మారితే ఎంతుంటాయో మాత్రం తెలియదు. మా ఇంట్లో ఉన్నది మా అమ్మ ఇచ్చిన ఒక్క తవ్వ.

ఇక్కడ మా సబ్బుల మావయ్య గురించి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు, పోర్టులో పాత కళాసీ. పనివాళ్లకి నెలనెలా ఒంటి సబ్బులిచ్చేవారు. ఆయన వాటిని ముట్టుకునేవాడు కాదు, సున్నిపిండితో స్నానం చేసేవాడు. ప్రతి సబ్బూ రేకు పెట్టెలో దాచి, మేనకోడలి పెళ్లికి ఆ పెట్టె పెట్టెంతా నాకు కానుకగా ఇచ్చాడు. అన్నీ చందనం సబ్బులే. మా కొండవాలు వాళ్లందరూ నీళ్లకి కటకటలాడుతుంటే మా మంచం కింద మాత్రం జీవితాంతం సరిపడా సబ్బులుండేవి. పెట్టెలో ఇంకా చోటుందని నా తవ్వ కూడా అందులోనే పెట్టుకునేదాన్ని.

ఆదివారం తవ్వ కోసం పెట్టె తీస్తుంటే సబ్బు కాగితం మీద అంకె కనబడింది. నూట పాతిక గ్రాములు. ఇంకో సబ్బు తీశాను, దాని మీదా అంతే. పెట్టెలో సబ్బులన్నీ నేల మీద పరిచేశాను.

"ఏటే, ఏటి సేత్తన్నావ్? తిరనాళ్లలో కొట్టు పెడతావా?" అన్నాడు మా బావ, నేల మీద పరిచిన సబ్బులు చూసి.

"తూకం రాళ్లు బావా. దీని మీద నూట పాతికని రాసుంది. ఎన్ని పెడితే కిలో అవుద్దో నువ్వు సెప్పు."

మా బావ వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండుసార్లు తప్పిపోయి మూడోసారి, "ఎనిమిది," అన్నాడు. తర్వాత నా వైపు అనుమానంగా చూశాడు. "పదో తరగతి సదివినోణ్ణి నాను. నాకు తట్టలేదు. ఐదు సదివినదానివి, నీకెలా తట్టిందే?"

"అత్త కబురు నీకంటే నాను ఎక్కువ సార్లు తలుసుకుంతన్నాను. అందుకు తట్టింది."

రాళ్లు దొరికాయి, ఇక తక్కెడ కావాలి. చొక్కాలు తగిలించే హ్యాంగరు ఒకటి గుమ్మం మీద మేకుకి తగిలించాం. దాని రెండు కొసలకీ ఒకే రకం సంచులు రెండు కట్టాం. ఒక సంచిలో ఎనిమిది సబ్బులు, రెండో సంచిలో బియ్యం. బావ నేల మీద బోర్లా పడుకుని హ్యాంగరు సమంగా ఉందో లేదో చూడాలి, నేను పోయాలి. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపెయ్. పెద్ద సముద్రంలో ఓడ నిలబడినట్టు నిలబడింది," అన్నాడు. ఆ బియ్యాన్ని తవ్వతో కొలిస్తే, పైన అరచేత్తో తుడిచేస్తే, సరిగ్గా రెండు తవ్వలు. గింజ ఎక్కువ కాదు, గింజ తక్కువ కాదు. ఇంత చక్కగా కుదిరిందంటే దేవుడి చలవే అనుకుని సింహాచలం కొండ వైపు తిరిగి దణ్ణం కూడా పెట్టాను.

తర్వాత కందిపప్పు తూచాం. అదీ దగ్గరదగ్గర రెండే. ఉప్మారవ్వ దగ్గరికొచ్చేసరికి రెండు తవ్వలు పోసినా సబ్బుల వైపే కిందికుంది, ఇంకో సోల అడిగింది. అటుకులు తెచ్చి పోశాను. రెండు తవ్వలు, మూడు, నాలుగు. సబ్బులు కదలవు.

"బావా, తవ్వ అదే కదా. ఇదేటి ఇలాగుంది?"

"అటుకులు నాలాంటివే. సోటు నిండా కూకుంటాయి, బరువు మాత్రం మొయ్యవు," అన్నాడు మా బావ, నేల మీద నుంచి లేవకుండానే.

ఆ రోజు మధ్యాహ్నమంతా అలా గడిచింది. రాసుకునే అలవాటు లేదు, గుర్తే నా పుస్తకం. బియ్యం కిలోకి రెండు, పప్పు కిలోకి రెండు, రవ్వ కిలోకి రెండూ సోల అని ఊడుపుల పాట పాడుకున్నట్టు పాడుకున్నాను. సోమవారం పొద్దున్న బస్సులో కూడా పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్కనావిడ నేనేదో మొక్కుకుంటున్నానని జరిగి చోటిచ్చింది.

మెస్సులో, సంచిలో తెచ్చుకున్న నా తవ్వతో పదహారు తవ్వల బియ్యం కొలిచి పోశాను. నాలుగు తవ్వల పప్పు. చింతపండు పావు కిలో పొట్లమే ఉంది, అది తూచక్కర్లేదు. ఉప్పు కిలో ప్యాకెట్టు, అందులో నాలుగో వంతు తీశాను. పప్పుచారు మరుగుతుంటే రుచి చూద్దామని గరిట ఎత్తాను. మళ్లీ దించేశాను. గళ్లు గీసి గ్రాములు రాసిన కాగితం ముందు నా నాలుక ఎంత? ఇన్నేళ్ల వంటలో నేను చేసిన తప్పుల్లో పెద్దది అదే. సబ్బుల సంగతి తర్వాత.

ఒంటిగంటకి కుర్రాళ్లు కూర్చున్నారు. మొదటి ముద్ద దగ్గరే ఒకడు తలెత్తాడు.

"అక్కా, అన్నం సింహాచలం నుంచి తెచ్చారేటి? సందనం వాసనొత్తంది."

(తవ్వ ఎక్కడ ఉండేదో చెప్పాను కదా.)

"పెసాదం అనుకుని తినరా," అన్నాడు పక్కవాడు. "పప్పుచారు మాత్రం బాగా పులుపెక్కింది. ఉప్పు కూడా అక్క సేతికి దగ్గరగానే ఉన్నట్టుంది. ఇంకొంచెం అన్నం వేయక్కా, కలుపుకుంటే సరిపోద్ది."

వాడికి వేశాను. వాడి పక్కవాడికి వేశాను. ఉప్పూ పులుపూ తగ్గించుకోవడానికి అందరూ అన్నం ఎక్కువ కలుపుకోవడం మొదలుపెట్టారు. గిన్నె అడుగు గరిటకి తగిలిన చప్పుడు విన్నాను. చూస్తే ఇంకా ఎనిమిది మంది కంచాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడే మాస్టారు గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చారు.

ఆయన ఎనిమిది కంచాలూ చూశారు, ఖాళీ గిన్నె చూశారు, నన్ను చూశారు. "ఏమ్మా, ఎనిమిది కిలోలూ పోశావా?"

"పోసానండి. లాభం మొదలెట్టి పదహారు తవ్వలండి."

"లాభం పోను ఎన్ని?"

"లాభమంటే ఒకటేనండి. మా వైపు కొలిసేటప్పుడు మొదటిది ఒకటి అనమండి, లాభం అంటామండి."

"ఉన్నవాళ్లకే చాలకపోతే లాభం ఎక్కడిదమ్మా," అన్నారాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సరే. మీ కాటా ఒకసారి చూడాలి. పట్రా."

నేను వెళ్లబోయి ఆగాను. ఆ ఎనిమిది మంది ఇంకా నిలబడే ఉన్నారు. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఆకలితో ఉన్నవాళ్లని అలా వదిలేసి బస్సెక్కడం ఎలా? మూల డబ్బాలో రవ్వ కనబడింది. కాగితం మడిచి బొడ్లో దోపేసి, దోసిళ్లతో రవ్వ తీసి వేయించి, పోపు పెట్టి, నా నాలుకని అడిగి ఉప్పు వేసి, చకచకా ఉప్మా దించాను. ఎనిమిది మందీ తిన్నారు. అన్నం తిన్నవాళ్లలో నలుగురు మళ్లీ కంచాలు పట్టుకొచ్చారు. వాళ్లకీ సరిపోయింది. మాస్టారు ఒక మూల స్టూలు మీద కూర్చుని ఇదంతా చూశారు.

బస్సెక్కి ఇంటికెళ్లి, మళ్లీ బస్సెక్కి వచ్చేసరికి నాలుగయింది. మధ్యలో ఒకసారి, అసలు తిరిగి వెళ్లకుండా ఉంటే ఏమవుతుందని కొండ మెట్ల మీద కూర్చుని కాసేపు ఆలోచించాను. ఏమీ కాదు, మంచి పిల్ల అబద్ధం చెప్పిందని ఒక ముసలాయన అనుకుంటాడు, అంతే. అది మాత్రం నాకు ఎందుకో మింగుడు పడలేదు. వెళ్లాను. గోనె సంచిలోంచి హ్యాంగరు తీసి బల్ల మీద పెట్టాను. దాని పక్కన ఎనిమిది సబ్బులు వరసగా పేర్చాను.

"ఇదేంటమ్మా?"

"కాటా అండి."

"ఇవి?"

"రాళ్లండి."

మాస్టారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఒక సబ్బు తీసి వాసన చూశారు. "అమ్మాయ్, నేను కాటా తెమ్మంటే నువ్వు స్నానాల గది తెచ్చావు," అన్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను, ఇంట్లో కాటా లేదని, అత్త కబురని, చెరుకు తోటని, నూట పాతికలు ఎనిమిదైతే కిలో అవుతుందని.

ఆయన చివరి మాట ఒక్కటే పట్టుకున్నారు. "అవుతుంది. అవ్వాలి. మరి ఎందుకు కాలేదు?" అని లేచారు. సబ్బులు సంచిలో వేసుకుని పక్కనున్న కిరాణా కొట్టుకి నడిచారు. నేను వెనకాల పరిగెత్తాను.

కొట్టు బాబాయి తక్కెడలో ఒక వైపు కిలో రాయి పెట్టాడు, రెండో వైపు ఎనిమిది సబ్బులు. రాయి ధన్‌మని కిందికి వెళ్లిపోయింది. సబ్బులు పైకి లేచి గాల్లో నిలబడ్డాయి.

"మీ రాయే బరువెక్కువుంటాది బాబాయ్," అన్నాను.

"మా రాయికి ముద్రుందమ్మా. నీ సబ్బుకుందా?" అన్నాడు బాబాయి.

మాస్టారు కొట్టులోంచి ఒక కొత్త సబ్బు అడిగి, ఎనిమిదింటి మీద తొమ్మిదోదిగా పెట్టారు. తక్కెడ అటూ ఇటూ ఊగి సమంగా ఆగింది. ఆయన పాత సబ్బు కాగితం కంటికి ఆనించుకుని చివర్న చీమల్లాంటి అక్షరాలు చదివారు. "పొట్లం కట్టిన నాటి బరువు. ఇవి ఎన్నాళ్ల కిందటివమ్మా?"

"మా మావయ్య నా సిన్నప్పటి నుంచి దాసాడండి."

మాస్టారు నవ్వడం నేను మొదటిసారి చూశాను. భుజాలు మాత్రమే కదిలాయి. "నీ తక్కెడలో తప్పు లేదు, నీ లెక్కలో తప్పు లేదు. నీ రాళ్లు ఎండిపోయాయి. ఎనిమిదింటికి ఒక సబ్బంత గాల్లో కలిసిపోయింది. బియ్యమూ పప్పూ అంతే తగ్గాయి. చింతపండూ ఉప్పూ మాత్రం నిండుగా పడ్డాయి." (తర్వాత ఈ సంగతి మావయ్యకి చెబితే ఆయన గాలిని నమ్మలేదు. "ఎవుడో నా సబ్బులు వాడుకుని మళ్లీ పొట్లం కట్టీసాడే," అని పాత స్నేహితుల్ని ఒక్కొక్కర్నీ అనుమానించాడు.)

మాస్టారు అంతటితో ఊరుకోలేదు. "ఉప్మాకి ఎంత రవ్వ పోశావు?" అన్నారు.

"దోసిళ్లండి."

ఆ కొట్టులోనే నా చేత మూడు దోసిళ్ల రవ్వ తీయించి, మూడూ విడివిడిగా తూయించారు. మూడూ మూడు రకాలుగా తూగాయి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. "నీ సబ్బుల్నయినా నమ్మొచ్చు గానీ నీ దోసిలిని నమ్మడానికి లేదు," అన్నారు.

"మనుసుల్ని సూసి పోత్తానండి. మరీ ఆకలిగా ఉన్నోళ్లయితే దోసిలి పెద్దదవుద్దండి," అన్నాను. చమత్కారానికి అన్నది కాదు. నిజంగానే అంతే.

మాస్టారు నా బొడ్లోని కాగితం ఇమ్మని తీసుకుని, బియ్యం దగ్గర ఎనిమిది కొట్టేసి తొమ్మిది రాశారు. తర్వాత కొట్టు బాబాయి రాళ్లతో నా తవ్వని మళ్లీ మొదటి నుంచి కొలిపించారు. అసలు కిలో బియ్యానికి రెండు తవ్వలు, ఒక అరసోల, పైన ఒక పిడికెడు. పప్పు, రవ్వ, పంచదార, శనగపిండి, ఒక్కోటీ తూచి, కొలిచి, నా చేత పైకి చెప్పించారు. చీకటి పడబోతుంటే మెస్సులోకి తీసుకెళ్లి చేతికి సుద్దముక్క ఇచ్చారు.

"ఇవన్నీ పొయ్యి పక్క గోడ మీద రాయి."

"నాకు గుర్తుంటాదండి. రాయక్కర్లేదండి."

"నీకు గుర్తుంటుంది. నువ్వు సెలవు పెట్టిన రోజున వచ్చినవాళ్లకి ఎలా గుర్తుంటుంది? రాయమ్మా."

ఐదో తరగతి తర్వాత అంత పెద్దగా నేనేమీ రాయలేదు. వరసలు కొండవాలు ఇళ్లలా పైకీ కిందికీ వెళ్లాయి. రాసి, చేతులు కడుక్కుని, సబ్బుల సంచి తీసుకుని, రేపు ఆ ఇద్దర్లో ఎవరొచ్చి నా రాత చూసి వండుతారో అనుకుంటూ దిగులుగా బస్సెక్కాను. బస్సు రెండు స్టాపులు వెళ్లాక తట్టింది, సెలవు పెట్టాలంటే ముందు ఉద్యోగం ఉండాలి కదా అని. ఉన్నపళంగా దిగి, వచ్చిన దారినే నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, మెస్సు గుమ్మంలో నిలబడి, "రేపు ఎన్నింటికి రావాలండి?" అని అడిగాను. "ఆరింటికి," అన్నారు మాస్టారు, తలెత్తకుండా.

ఆ గోడకి ఎన్నిసార్లు సున్నం వేశారో లెక్కలేదు. వేసిన ప్రతిసారీ నేనే మళ్లీ రాశాను. మాస్టారు పోయాక వాళ్లబ్బాయి నడుపుతున్నాడు, వంటకి ఇప్పుడు నాతో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఇన్నేళ్లలో నేను సెలవు పెట్టింది చాలా తక్కువ. మొన్న మాత్రం మోకాలి నొప్పికి తప్పక రెండు రోజులు ఇంట్లో ఉండిపోయాను. మధ్యాహ్నం రెండింటికి ఉండబట్టలేక ఫోను చేశాను. "అన్నం సరిపోయిందేటే?" అన్నాను. "గోడ సూసి వండీసామక్కా. అందరికీ సరిపోనాది, రుసి కూడా నీ సేతి వంటలాగే ఉందన్నారు," అంది అవతలి పిల్ల ఉత్సాహంగా. చాలా మంచిదమ్మా అని ఫోను పెట్టేశాను. పెట్టేసి అద్దంలో చూసుకుంటే మూతి ముడుచుకునే ఉంది. ఎవరి మీద అలిగావే ముసలిదానా అని అడిగి, నన్ను చూసి నేనే నవ్వుకున్నాను.